తోడు రాయి

జీలుగుమెట్ట రోడ్డు కేంపు,
అనంతగిరి కొండలు.
డిసెంబరు 1926.

అప్పా,

బతికే ఉన్నాం. ఈ మాట ముందు రాయకపోతే మా అక్కగారు ఉత్తరం చదవకుండానే ఏడుపు మొదలెడతారు.

‘ఎంత, రెండు కొండలు ఎక్కితే వచ్చేస్తుంది’ అని బావ కొత్తవలసలో నీ గుమ్మం ముందు నిలబడి ఎంత తేలిగ్గా అన్నాడో! రైలు పట్టాల పక్కన జెండా ఊపుకునే మనిషికి కొండ సంగతి ఏం తెలుసు? ఆ రెండు కొండలూ బావచేత ఒకసారి ఎక్కించాలి, నెత్తిన మా బియ్యం మూట పెట్టి మరీ. అరకు వెళ్ళే దారి దాకా మల్లేశు బండి మీద వచ్చాం. అక్కణ్ణుంచి పైకి బండి రాదు. సామాను కొండవాళ్ళు మోశారు, నన్ను నేను మోసుకున్నాను.

గని కొండ నెత్తి మీద ఉంది. పెన్సిళ్ళలో వేసే నల్లరాయి అక్కడ తవ్వుతున్నారు. సాయంత్రం దిగి వచ్చేవాళ్ళ ఒళ్ళు బాణలి అడుగులా నల్లగా మెరుస్తూ ఉంటుంది. ఇప్పుడు ఆ రాయిని ఆడవాళ్ళు తట్టలతో కిందికి మోస్తున్నారు. గని దగ్గర నుంచి కింద అరకు దారి దాకా బళ్ళు నడిచే రోడ్డు వెయ్యాలి. అదీ మా ఆయన, అంటే నీ మరిది, చేతిలో పెట్టిన పని. పొద్దుటే తాడూ గూటాలూ పట్టుకుని చరియల మీదికి పోతారు. కొండను ఎంత కొయ్యాలో, నీళ్ళు ఏ పక్కకి పోవాలో చూసుకుని, మధ్యాహ్నానికి గొంతు పోగొట్టుకుని వస్తారు.

నీకు తెలుసు కదా, ఆయనకి ఒంటరిగా ఉండటం చేతకాదు. మిషను వాళ్ళు చేరదీసిన దిక్కులేని పిల్లాడు, గంపెడుమంది పిల్లల మధ్య ఒకే చాప మీద పెరిగారు. ఇప్పటికీ నేను వాకిట్లోకి వెళ్తే తింటున్న కంచం పట్టుకుని వాకిట్లోకి వచ్చేస్తారు. పనిలో ఎవరూ లేకపోతే రాళ్ళతో మాట్లాడతారు. నన్ను నీ దగ్గరే ఉంచెయ్యమని నువ్వు గొడవ చేసినా నేను ఆయన వెంట రావడం అందుకే. ఈ కొండల్లో ఆ మనిషిని ఒక్కణ్ణీ వదిలితే నెల తిరక్కుండా పిచ్చెక్కిపోతుంది.

నాకు ఇక్కడ ఒక స్నేహితురాలు దొరికింది, సోములమ్మ. పక్క కొండ మీద ఊరు. రోడ్డు పనిలో తట్ట మోస్తుంది, పొద్దున్నే నాకు కట్టెలు తెచ్చి పడేస్తుంది. ఊరికే మాట్లాడే రకం కాదు. నేను చెప్పేదంతా విని, చివర్లో ‘ఊఁ’ అని చుట్ట వెలిగిస్తుంది.

ఇంకో వింత. మా రోడ్డు మధ్యలో ఒక పెద్ద మలుపు వస్తుంది, పక్కనే లోయ. పాత కాలిబాట కూడా అక్కడే వంపు తిరుగుతుంది. ఆ వంపులో నడుం ఎత్తున రాళ్ళ కుప్ప ఉంది. దారిని పోయే ప్రతి కొండమనిషీ వంగి ఒక రాయి తీసి దాని మీద పెట్టి పోతాడు. సోములమ్మ రెండు పూటలా పెడుతుంది. ఎందుకని అడిగితే, ‘దారిలో ఎడతాం’ అంది, అంతే. నీ మరిది మాత్రం మురిసిపోతున్నారు. ‘సూసినావా లూర్దూ, దారిలో కాళ్ళకి అడ్డొచ్చే రాళ్ళు ఎవులూ సెప్పకుండానే ఏరి పక్కన ఎడతన్నారు. ఈల్లు పుట్టుకతో రోడ్డు పనోల్లు’ అంటారు. వాళ్ళ మీద ఆయనకి ప్రేమ పుట్టుకొచ్చింది, ఆ కుప్పని చూసి.

చింతపండు అయిపోయింది. మల్లేశు చేత పంపించు.

నీ చెల్లెలు
లూర్దమ్మ


కొత్తవలస.
జనవరి 1927.

ఒసే లూర్దూ,

చింతపండు పంపాను. దానితో కొయినా మాత్రలు కూడా పంపాను. చేదని పారేస్తావేమో, మల్లేశు ఎదుట ఒకటి మింగి చూపించమన్నాను. మన్యం జ్వరం వచ్చి దిగినవాళ్ళని ఇక్కడ స్టేషన్లో రోజూ చూస్తున్నాను. పసుపు ముద్దల్లా ఉంటారు. నాకు తమాషాలు చెప్పకు.

మీ బావ నీ ఉత్తరం విని ఒక పూట అలిగాడు. జెండా ఊపుకునే మనిషి అని రాస్తావా? మర్నాడు మల్లేశుకి మీకోసం బెల్లం ఇచ్చింది మళ్ళీ ఆయనే.

నా మాట విను. వానలు పడేలోగా నువ్వు దిగిరా. స్తెఫను మగవాడు, ఎలాగో ఉంటాడు. నాలుగు నెలలు ఒంటరిగా ఉంటే ఎవరూ చచ్చిపోరు. మీ బావ నన్ను వదిలి గూడూరు లైనులో ఏడాది ఉండలేదా? ఆ సోములమ్మతో స్నేహం మంచిదే కాని, వాళ్ళ మొక్కులూ కుప్పలూ నీకెందుకు? రాళ్ళకి దండం పెట్టే ఇంట్లో మనం పుట్టలేదు. ఆదివారం పూట జపమాల చెప్పుకుంటున్నారా? గుడి లేదని మానెయ్యకండి.

అప్ప
తెరిసమ్మ


జీలుగుమెట్ట.
మే 1927.

అప్పా,

ఈ ఉత్తరం రెండుసార్లు రాసి చింపాను. నువ్వు తిడతావని కాదు. ఎలా చెప్పాలో తెలియక.

మొదట మంచి సంగతి చెబుతాను. చైత్రంలో వీళ్ళకి ఇటుకల పండుగ వచ్చింది. మగవాళ్ళు వేటకి పోతారు, ఆడవాళ్ళు దారికి అడ్డంగా వెదురు గడ కట్టి, వచ్చిన వాళ్ళని ఏదో ఒకటి ఇస్తేనే వదులుతారు. ఈసారి ఆ గడ మా కొత్త రోడ్డుకే కట్టారు. నీ మరిదిని పట్టుకుని, ఇవ్వడానికి ఏమీ లేకపోతే ఆడమన్నారు. ఆడారు! చేతులు చేతులు పట్టుకుని వాళ్ళు వరసగా వేసే అడుగు ఆయనకి రాదు, అందరి కాళ్ళూ తొక్కారు. సోములమ్మ నోట్లో చుట్ట జారిపడేలా నవ్వింది. ఆవిడ నవ్వడం నేను చూసింది అప్పుడే.

ఇక రెండోది. రోడ్డు కొయ్యడం అయ్యాక పైన పరుపు వెయ్యాలి. కింద పెద్ద రాయి, మీద కొట్టిన కంకర, ఆ మీద గరుసు పోసి నీళ్ళు చల్లి దిమ్మిసలతో కొట్టాలి. అప్పుడుగాని బండి చక్రం దిగబడదు. మిగతా రోడ్డంతా అలాగే వేశారు. ఆ పెద్ద మలుపు దగ్గరికి వచ్చేసరికి కంకర చాలలేదు. వానలు ముందుకొచ్చేలా ఉన్నాయి, రోడ్డు చూడడానికి మర్నాడు గని దొర వస్తున్నాడని కబురు. ఎదురుగా నడుం ఎత్తున రాళ్ళ కుప్ప. దారి కోసం ఏరి పెట్టిన రాళ్ళే కదా, దారిలోనే వేద్దాం అన్నారు నీ మరిది. కొండవాళ్ళు ఆ రోజు సంతకి పోయారు. గని కూలీలని పెట్టించి పొద్దు గుంకేలోగా కుప్పంతా పరిచి గరుసు పోసి కొట్టించేశారు. ఒక్క అనుమానం మాత్రం పడ్డారు, అదీ పనివాడి అనుమానం. ‘ఇవి అరిగిపోయిన రాళ్ళు. కొట్టిన రాయికైతే అంచులుంటాయి, ఒకదాన్నొకటి కరుసుకుంటాయి. ఇవి కరవ్వు’ అన్నారు.

మర్నాడు పొద్దుటే సోములమ్మ తట్టతో ఆ మలుపు దగ్గరికి వచ్చి నిలబడిపోయింది. రాయి తియ్యడానికి వంగింది, పెట్టడానికి కుప్ప లేదు. చేతిలో రాయి అలాగే పట్టుకుని రోడ్డు మధ్యలో కూర్చుంది. నేను పరిగెత్తుకెళ్ళాను. అప్పుడు తన కొడుకు సంగతి చెప్పింది.

‘ఆ రాళ్ళు నా గుంటడివి, మేస్త్రమ్మా. సోంబరు. అడ్డాకులకొచ్చినప్పుడు ఇక్కడే పులి ఒట్టుకుపోనాది. పులి సంపినోణ్ణి మా ఊరి వల్లకాట్లో కాల్సరు, సచ్చిన కాడే ఉండిపోతాడు. ఒంటిగా ఉంటాడు కదా. అందుకే దారిని పోయినోల్లు తలో రాయి ఎడతారు. రాయంటే తోడు.’

అప్పా, నేనూ ఆవిడ పక్కనే రోడ్డు మీద కూర్చున్నాను. ఒంటిగా అన్న మాట ఆవిడ నోట వినగానే నాకు మా ఇంట్లో మనిషే గుర్తొచ్చారు.

సంగతి విని నీ మరిది తల పట్టుకుని ఆ గట్టు మీద కూర్చున్నారు. తియ్యాలంటే మలుపంతా తవ్వాలి, అవతల దొర గుర్రం వచ్చేస్తోంది. ‘వానలు ఎల్లనీ సోములమ్మా. నా సేత్తో నానే తీసి, ఎలగున్న కుప్పని అలగే ఎడతాను’ అని ఆవిడ ముందు చేతులు జోడించారు. ఆవిడ కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. ‘వానలెల్లేదాకా ఆడు ఆగడు. తోడు నేకపోతే తోడు ఎతుక్కుంతాడు’ అని, చేతిలో రాయి అక్కడే పెట్టేసి వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి పనికి రావడం లేదు. కట్టెలు నేనే ఏరుకుంటున్నాను.

దొర రోడ్డు చూసి బాగుందన్నాడు.

నన్ను రమ్మని రాయకు. ఇప్పుడు అసలు రాను.

లూర్దు


కొత్తవలస.
జూన్ 1927.

లూర్దూ,

అంతా చదివాను. ఇవి పిచ్చి నమ్మకాలు. చచ్చినవాడు తోడు వెతుక్కోవడం ఏమిటి? చచ్చినవాళ్ళు దేవుడి దగ్గరికి పోతారు. ఆ పిల్లాడికోసం ఆదివారం పూజలో ప్రార్థన చేయించాను. పేరు చెబితే ఫాదరు ఏం అనుకుంటారో అని ‘ఒక తల్లి బిడ్డ’ అని చెప్పాను.

మీ రోడ్డు మీద దిగిన మొదటి బళ్ళు నిన్న స్టేషనుకి వచ్చాయి. మల్లేశు బండే ముందు. ఆ నల్లటి పొడి మా ప్లాటుఫారమంతా పడింది, తుడవలేక మీ బావ నడుం విరిగింది. అయినా వచ్చిన ప్రతివాడికీ ‘ఆ రోడ్డు మా తోడల్లుడే యేసినాడు’ అని చెప్పుకుంటూ తిరిగాడు. స్తెఫనుకి ఈ మాట చదివి వినిపించు.

ఇంకొకటి. పిచ్చి నమ్మకాలే. కాని ఆ రాళ్ళు వానలు వెళ్ళేదాకా ఆగకుండా ఇప్పుడే తీయించెయ్యమను. ఎందుకని అడగకు.

తెరిసమ్మ


కొత్తవలస.
ఆగస్టు 1927.

నా తల్లీ లూర్దూ,

మల్లేశు వచ్చాడు. బండి లేకుండా, ఎడ్లు లేకుండా నడిచి వచ్చాడు. వాకిట్లో నిలబడి ఏదేదో చెప్పాడు. స్తెఫను లేడు అన్నాడు. గెడ్డలు పొంగి ఇన్నాళ్ళూ దిగలేకపోయాను అన్నాడు. నేను వాణ్ణి కొట్టబోయానట, మీ బావ పట్టుకున్నాడట. నాకు ఏమీ గుర్తు లేదు.

నీ చేత్తో రాస్తేగాని నేను నమ్మను. ఒక్క ముక్క రాయి. మీ బావ రేపే బయలుదేరతానన్నాడు. శృంగవరపుకోట అవతల దారి తెగిపోయిందట, ఎవరినీ పోనివ్వడం లేదట.

అన్నం తింటున్నావా? నీ పక్కన ఎవరున్నారు?

నాలుగు నెలలు ఒంటరిగా ఉంటే ఎవరూ చచ్చిపోరని రాశానే నేను. ఆ ఉత్తరం పొయ్యిలో వేసెయ్యి.

అప్ప


జీలుగుమెట్ట.
సెప్టెంబరు 1927.

అప్పా,

నిజమే. మల్లేశుని తిట్టకు. వాడి తప్పు లేదు.

మూడు రోజుల ముసురు తరువాత కాస్త తెరిపి ఇచ్చింది. గని దగ్గర సరుకు పేరుకుపోయిందని బళ్ళు దింపమన్నారు. నీ మరిది వద్దన్నారు, గనివాళ్ళు వినలేదు. సరే, నేను ముందు నడుస్తానని బయలుదేరారు. మిగతా రోడ్డు గట్టిగా నిలబడింది, అప్పా. ఆయన వేసిన తూములు ఒక్కటి కదల్లేదు. ఆ మలుపు దగ్గర మాత్రం గరుసు కొట్టుకుపోయి రాళ్ళు పైకి తేలాయి. ఆయన చెప్పినట్టే అవి ఒకదాన్నొకటి పట్టుకోలేదు. చక్రం కింద గోలీకాయల్లా దొర్లాయి. మల్లేశు బండి లోయకేసి జారుతుంటే ఆయన అడ్డురాయి పట్టుకుని పరిగెత్తి చక్రం కింద పెట్టబోయారు. కాలి కింద రాయి దొర్లింది. బండి ఆయన మీదుగా పోయింది. ఎడ్లు రెండూ లోయలో పడ్డాయి. మల్లేశు దూకి బతికాడు.

నేను వెళ్ళేసరికి మాట ఉంది. ‘లూర్దూ, ఎక్కడికీ ఎల్లకు’ అన్నారు. నేను ఎక్కడికి వెళ్తాను? ఆ తల ఒళ్ళో పెట్టుకుని అక్కడే కూర్చున్నాను, పొద్దు వాలేదాకా. తరువాత మాట లేదు.

గెడ్డ పొంగి ఫాదరు రావడానికి దారి లేదు. ఆయన్ని దింపడానికీ లేదు. మలుపు ఎగువ పక్కన, నీళ్ళు నిలవని చోట పూడ్చాం. పరలోక ప్రార్థన నేను చెప్పాను. సగంలో నేను ఆగిపోతే మల్లేశు అందుకున్నాడు. వాడు మనవాడు కాడు. అయినా మన ఇంటి ముందు బండి ఆపుకుని వినీ వినీ వచ్చేసిందట.

మర్నాడు పొద్దుటే చూద్దును కదా, ఆ మట్టి మీద రాళ్ళున్నాయి. కొండవాళ్ళు పనికి పోతూ తలో రాయి పెడుతున్నారు. మొదట నాకు ఒళ్ళు మండింది. రాళ్ళు విసురుతున్నారా నా మొగుడి మీద, అనుకున్నాను. ఒక ముసలాయన చెప్పాడు: ‘ఈయన కూడా దారిలో సచ్చినాడు కదమ్మా. ఒంటోడు కాకూడదు.’ అప్పుడు ఏడ్చాను. అప్పటిదాకా కళ్ళల్లో నీళ్ళు రాలేదు.

అందరూ పెడుతున్నారు. సోములమ్మ ఒక్కత్తీ పెట్టదు. నెత్తిన కట్టెల మోపుతో అటే పోతుంది, చూస్తుంది, వంగదు. నాతో మాట్లాడదు. ఆవిణ్ణి అడగడానికి నాకు ముఖం లేదు.

నేను రాను. బండివాళ్ళకి వండిపెట్టే పాక ఒకటి వేసుకున్నాను. అది మలుపు పక్కనే.

లూర్దు


కొత్తవలస.
ఆత్మల పండుగ మర్నాడు, 1927.

లూర్దూ,

నిన్న సమాధుల తోటలో అందరూ తమ తమ వాళ్ళకి మైనపు వత్తులు వెలిగించారు. అమ్మకీ నాన్నకీ వెలిగించాక నా చేతిలో ఒకటి మిగిలింది. ఎక్కడ పెట్టాలో తెలియక ఇంటికి తెచ్చేశాను.

ఫాదరుతో మాట్లాడాను. స్తెఫనుని ఇక్కడికి తెచ్చి అమ్మ పక్కన పెట్టుకోవచ్చన్నారు. ఒకటి రెండు వానాకాలాలు పోనిచ్చి, ఎండలో బండి మీద దింపుకోవచ్చట. మీ బావ పెట్టె చేయిస్తానన్నాడు. దీవించిన మట్టిలో, మనవాళ్ళ మధ్య ఉంటాడు. ఏటేటా వత్తి వెలిగించడానికి మనం ఉన్నాం. ఆ అడవిలో, లోయ పక్కన, ఎవరో మొక్కుబడికి రాయి పడేస్తే అది తోడా? నువ్వు మాత్రం ఎన్నాళ్ళు అక్కడ కూర్చుంటావు? నువ్వు దిగితే వాడు ఒంటరి అవుతాడని దిగడం లేదు, నాకు తెలియదా? అందుకే చెబుతున్నాను. ఇద్దరూ రండి.

అప్ప


జీలుగుమెట్ట.
మార్చి 1928.

అప్పా,

నీ ఉత్తరానికి ఇన్నాళ్ళు జవాబు రాయలేదు. జ్వరం వచ్చింది. చెప్పకూడదనుకున్నాను. ఇప్పుడు తగ్గింది, చేదు మాత్రలన్నీ మింగాను.

నువ్వు రాసింది చాలాసార్లు చదివాను. సరే. ఈ వానలు వెళ్ళాక బండి పంపించు. ఆయన బతికున్నప్పుడు నా వెంట రాకుండా ఒక్క అడుగు వెయ్యలేదు, ఇప్పుడు ఆయన్ని వదిలి నేను ఎలా దిగను? నేను లేని రోజున ఈ పాక కూలిపోతుంది, బళ్ళు ఆగిపోతే దారిని పోయేవాళ్ళూ ఉండరు. అప్పుడు ఆయన దగ్గర ఎవరుంటారు? ఇద్దరం వస్తాం.

సోములమ్మ ఇంకా పెట్టలేదు.

లూర్దు


జీలుగుమెట్ట.
అక్టోబరు 1928.

అప్పా,

మల్లేశు కొత్త బండి ఖాళీగా వస్తుంది. భయపడకు, కోపగించుకోకు. చివరిదాకా చదువు.

గని మూసేశారు. నల్లరాయి చార సన్నబడి సన్నబడి పోయిందట. దొర వెళ్ళిపోయాడు. కంపెనీ పోతే రోడ్డుండకూడదని అడవి శాఖ వాళ్ళు ఉత్తర్వు తెచ్చారు. బండి బాట ఉంటే దొంగ కలప దిగుతుందట. పైనుంచి కిందికి పరుపు పెళ్ళగించాలి, తూములు పగలగొట్టాలి, మధ్యమధ్య అడ్డంగా కందకం కొట్టాలి, వానకి నాని ఉన్న మట్టిలో వెదురు విత్తనం, కానుగ విత్తనం చల్లాలి. ఏ కొండవాళ్ళు తట్టలు మోసి వేశారో ఆ కొండవాళ్ళనే పెట్టి తీయిస్తున్నారు. గునపాలు దిగుతుంటే వినలేకపోయాను. నీ మరిది గొంతు పోగొట్టుకుని వేయించిన రోడ్డు అది.

కిందిదాకా కందకం పడితే ఇక బండి రాదు. అందుకే మల్లేశుని బేగి రమ్మని కబురు చేశాను. బావ చేయించిన పెట్టెతో వచ్చాడు. పెట్టె మీద సిలువ చాలా బాగా చెక్కించాడని బావకి చెప్పు. పాక ఊడదీసేశాను. మూట కట్టుకున్నాను. మల్లేశు పార తీసుకుని ఆ కుప్ప మీది రాళ్ళు తియ్యడానికి వంగాడు.

ఆ వేళకే పనివాళ్ళు పైనుంచి మలుపు దాకా వచ్చేశారు. సోములమ్మ ముందుంది. గునపం దించి, తన కొడుకు రాళ్ళు పెళ్ళగిస్తోంది. వాటిని లోయలోకి దొర్లించెయ్యమని అడవి గార్డు కేకలేస్తున్నాడు. ఆవిడకి చెవుడు వచ్చినట్టుంది. ఒక్కొక్క రాయీ తీసి, మట్టి తుడిచి, పక్కన పెట్టుకుంటోంది. మల్లేశు రాయి ఎత్తిన చప్పుడు విని తల తిప్పింది. పెట్టె చూసింది. గునపం వదిలేసి నా దగ్గరికి వచ్చింది. ఏడాది పైన అయింది ఆవిడ నా ముఖం చూసి.

‘తీసుకుపోతన్నావా?’ అంది.

‘మా ఊళ్ళో మా వాళ్ళ మధ్య పెట్టుకుంటాను’ అన్నాను.

 ఆవిడ కుప్పకేసి చెయ్యి చూపించి, ‘ఈ కుప్పలోయి ఏ రాళ్ళనుకున్నావు?’ అంది. నాకు అర్థం కాలేదు. దారిని పోయేవాళ్ళు ఎక్కడి రాయి తీసి పెట్టారు? ఆ మలుపులో పైకి తేలి, కాళ్ళ కింద దొర్లుతున్న రాయే కదా తీసి పెట్టారు. అవన్నీ సోంబరువి. ఏడాది పొడుగునా ఆవిడ కళ్ళెదుట ఆవిడ కొడుకు రాళ్ళు ఒక్కొక్కటే నా మొగుడి మీదికి చేరాయి. ఆవిడ ఎందుకు వంగలేదో అప్పుడు తెలిసింది. 

నాతో ఏమన్నదో ఆవిడ మాటల్లోనే రాస్తున్నాను, అప్పా. నా మాటల్లో రాస్తే తప్పు పోతుంది.

‘నాకు కడుపు మండిపోయినాది, మేస్త్రమ్మా. బతికున్నప్పుడు ఒకసారి తీసినాడు, సచ్చినాక రోజూ తీత్తన్నాడు, అనుకున్నాను. కానీ రాత్తిరి ఇటుపోతంటే నాకు బయమెయ్యడం మానీసినాది. నా గుంటడు నా ఎనకాల రాడం నేదు. ఆడికి మనిసి దొరికినాడు. మీయాయన ఊరికే ఉండే మనిసి కాడు కదా, ఏదో ఒకటి సెప్తానే ఉంటాడు. ఇప్పుడు నువ్వు తీసుకుపోతే నా గుంటడు మల్లీ ఒంటోడైపోతాడు.’

 నీ ముఖం, అమ్మ సమాధి, నువ్వు ఇంటికి తెచ్చుకున్న వత్తి, అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. ఎవరో మొక్కుబడికి పడేసే రాయి తోడా అని రాశావు. ఈవిడ మొక్కుబడికి రాలేదు, అప్పా. నా మొగుణ్ణి తన బిడ్డకి అడుగుతోంది. పుట్టినప్పటి నుంచి ఆ మనిషిని ఇలా కావాలని అడిగినవాళ్ళు నేను తప్ప ఇంకెవరున్నారు?

మల్లేశుని పార పక్కన పెట్టమన్నాను.

సోములమ్మ తాను ఏరి పెట్టుకున్న రాళ్ళ దగ్గరికి వెళ్ళింది. రెండు కుప్పలు పెట్టాలనుకుంది కాబోలు, ఒక రాయి అటు, ఒక రాయి ఇటు వేసి ఆగిపోయింది. ‘ఏది ఎవుడిదో ఏటి తెలుత్తాది. కలిసిపోనాయి కదా’ అంది. రెండూ ఎత్తి తెచ్చి నీ మరిది మీద పెట్టింది. ఆ తరువాత నేను పెట్టాను. తట్టలు మోసే ఆడవాళ్ళందరూ వరస కట్టారు, చైత్రంలో ఆడినప్పటిలాగే. గార్డు అరిచాడు. ‘దారిలోంచి తీసీమన్నావు, తీసీసినాం కదా బాబూ’ అంది సోములమ్మ. వాడు ఆ మాటకి జవాబు వెతుక్కునేలోగా మలుపులో రోడ్డు లేదు. అది మొత్తం ఇద్దరి మీదా ఉంది, నా తల కంటే ఎత్తున.

మట్టిలో వెదురు విత్తనం నేనే చల్లాను. మొలిస్తే బండి కాదు కదా మేక కూడా దూరలేదట. కాలిబాట మాత్రం మిగిలింది. వీళ్ళు రోజూ దాని మీదే నడుస్తారు.

పెట్టె తిరిగి పంపుతున్నాను. బావ ఏమీ అనుకోవద్దని చెప్పు. మూట కట్టే ఉంది. ఆయన ఒంటరిగా లేరు, నేను దిగి రావచ్చు. కాని నువ్వు కోపంగా ఉంటే రాలేను. ఒక్క మాట రాయి.

లూర్దు


కొత్తవలస.
నవంబరు 1928.

లూర్దూ,

పెట్టె చూసి పగలంతా నీతో మాట్లాడకూడదనుకున్నాను. నువ్వు ఇక్కడ లేవు కనుక అది కష్టం కాలేదు. సాయంత్రం మీ బావచేత నీ ఉత్తరం రెండోసారి చదివించుకున్నాను. సోములమ్మ మాటల దగ్గర ఆయన చదవలేకపోయాడు, నేనే అందుకున్నాను.

ఆత్మల పండుగకి మూడు వత్తులు వెలిగించాను. మూడోది అమ్మ సమాధి మీద ఓ పక్కగా పెట్టి, స్తెఫను పేరు చెప్పాను. ఆ పిల్లాడి పేరు కూడా చెప్పాను, ఈసారి ఫాదరుకి వినబడేలా. 

మల్లేశు నడిచి వస్తున్నాడు, ఇక బండి ఎక్కడ ఎక్కుతుంది? వాడి సంచిలో నీకు గుడ్డ మూట ఒకటి పంపాను. బరువుగా ఉందని దారిలో గొణుగుతాడు, పట్టించుకోకు. అందులో రాయి ఉంది. రైలు పట్టాల కింద వేసే కంకర రాయి. మీ బావ లైను మీద నుంచి తీసి తెచ్చాడు. పాతికేళ్ళ నౌకరీలో రైలువాళ్ళ సొమ్ము ముట్టనివాడు, ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూసుకుంటూ తెచ్చాడు. ఒక్క రాయి పోతే రైలు పడిపోదని నేనే ధైర్యం చెప్పాను.

అది కొట్టిన రాయి. అన్ని పక్కలా అంచులున్నాయి. స్తెఫనుకి నచ్చుతుంది.

అది పెట్టేసి, బయలుదేరు.

అప్ప